అప్ప లారీ ఎందుకు ఆగుతోంది

మా అప్ప ఫోన్ చేసి, "ఒరే సూరీ, నా లారీ నడవడం నేదురా. ఎత్తెక్కినప్పుడల్లా ఆగి ఆగి వస్తంది. నువ్వొకపాలి వచ్చి సూడు" అంది. అప్ప అంటే అక్క. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు అలాగే పిలుస్తాం. ఆవిడకి యాభై దాటి నాలుగేళ్లయింది, సైకిలు తొక్కడం కూడా రాదు. ఆవిడ నడిపే లారీ కంప్యూటర్ ఆటలోది. నౌపడలో మా బావకి ఉప్పు వ్యాపారం. కొట్లో బిల్లులు కొట్టడానికి ఎప్పుడో కొన్న డెస్క్‌టాప్, కొత్తది వచ్చాక ఇంటికి చేరింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక అప్ప గడప దాటకూడదన్నారు. పొద్దు పోవడం లేదని పోరుతుంటే బావ ఎవరినో పిలిచి అందులో ఆ ఆట వేయించాడు. అప్పటినుంచి ఆవిడ పేర్లు కూడా పలకలేని దేశాల ఘాట్ రోడ్ల మీద దుంగల లోడుతో తిరుగుతోంది. దారి తప్పితే నాకు ఫోన్ చేస్తుంది, నేను చెబితే మాత్రం వినదు.

నేను విశాఖపట్నంలో ఒక కాలేజీ కంప్యూటర్ లాబ్‌లో పనిచేస్తాను. ఊళ్లో చుట్టాలందరి కంప్యూటర్లూ నా నెత్తినే ఉంటాయి కాబట్టి విసుగ్గానే, "ఈ వారం అవదప్పా, చూద్దాంలే" అన్నాను. "అవకపోతే ఒగ్గీ. నాకు తెల్దేటి? కంప్యూటర్ నా చేతికి అచ్చిరాదు. అప్పుడు రానేదు, ఇప్పుడూ రాదు. దీన్ని పాత సామాన్లోడికి ఇచ్చీమంటాను మీ బావని" అని పెట్టేసింది. ఆ తర్వాత నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి మంచినీళ్లు తాగాను, బాల్కనీలోకి వెళ్లాను, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగొచ్చాను. "కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరగడం?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. ఏం చెప్పను? అప్ప అన్న ఆ ఒక్క మాట అబద్ధమని ఈ లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై ఏళ్లు దాటిపోయింది, నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. బస్సెక్కితే భోగాపురం మీదుగా, విమానాశ్రయం కోసం తవ్విపోసిన ఎర్రమట్టి చూసుకుంటూ పోవచ్చు, నెల్లిమర్ల తగలదు. అది తెలిసీ పాసింజరు రైలే ఎక్కాను. నా బుద్ధే అంత, పుండు మీద వేలు పెట్టి చూసుకుంటే గాని ఊరుకోదు. సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడ్డాను. సంచిలో స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, ప్రాసెసర్ మీద రాసే పేస్టు ట్యూబు. నెల్లిమర్లలో రెండు నిమిషాలు ఆగింది. దిగలేదు.

మేం పుట్టి పెరిగింది అక్కడే, జనపనార మిల్లుకి కూతవేటు దూరంలో. మా ఇంటికి గడియారం అక్కర్లేదు, మిల్లు కూత ఉండేది. కూత వినబడితే అమ్మ చోళ్లతో, అంటే రాగులతో, కాచిన అంబలి గిన్నె దించేది, మరో కూతకి మమ్మల్ని లేపేది. మా నాన్న అందులో మగ్గాల మెకానిక్కు. షిఫ్టు దిగి వస్తే తిన్నగా ఇంట్లోకి రానిచ్చేది కాదు అమ్మ. వాకిట్లో నిలబెట్టి తువ్వాలుతో వీపూ భుజాలూ దులిపేది. ఆయన చిన్నపిల్లాడిలా చేతులు చాపి నిలబడేవాడు. ఎండలో ఆ పీచు బంగారు రంగులో ఎగిరి మళ్లీ మా గుమ్మం మీదే వాలేది. ఎంత దులిపినా ఆయన దగ్గర నార వాసన, మిల్లులో నారకి పట్టించే నూనె వాసన ఉండేవి. ఇప్పటికీ కొత్త గోనెసంచి విప్పితే నాకు నాన్న షిఫ్టు దిగి వచ్చినట్టే ఉంటుంది. ఆయనకో అలవాటు. ఏ యంత్రం కనబడినా దాని మీద అరచెయ్యి ఆన్చి కళ్లు మూసుకునేవాడు. మిక్సీ, ఫ్యాను, పక్కింటివాళ్ల మోటారు, చివరికి డాక్టరుగారి స్కూటరు కూడా. "మిషనుకి పీచే శనిరా. పీచు దూరకపోతే మిషను మనిషి కన్నా ఎక్కువ బతుకుతాది" అనేవాడు.

అలాంటి ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిందంటే అది అప్ప పట్టుదలే. విజయనగరం వెళ్లి డీటీపీ నేర్చుకుంది. తెలుగు కీబోర్డు చూడకుండా కొట్టేది. వీధి గదిలో సొంతంగా డీటీపీ సెంటరు పెట్టాలని, దానికి బోర్డు మీద ఏ రంగు అక్షరాలుండాలో కూడా అనుకుంది. నాన్న మూడు నెలలు ఊగిసలాడి చివరికి కొన్నాడు. అప్పకి మొదటి పెద్ద పని ఒక రిటైర్డు తెలుగు మేష్టారు ఇచ్చారు. జీవితమంతా ఊళ్లు తిరిగి పోగుచేసిన సామెతలు, మూడొందల పేజీలు, చీమతలల్లాంటి అక్షరాలు. ఆ పుస్తకం గడువులోగా చక్కగా వస్తే ఆ తర్వాత పనులన్నీ అప్పకే ఇస్తానని విజయనగరం ప్రెస్సు ఆయన మాటిచ్చాడు. రెండు నెలలు కొట్టింది. కొడుతూ పైకి చదివేది, వంటింట్లోంచి అమ్మ మిగతా సగం అందుకునేది. మేష్టారికి దొరకనివి ఓ పదో పన్నెండో అమ్మే చెప్పి రాయించింది. మా ఇంట్లో అంత నవ్వు అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

అప్ప పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం మూడింటి దాకా లేచేది కాదు. ఆ తర్వాత కుర్చీ నాది. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్న రోజులవి. నాకు కార్ల పందెం ఆట పిచ్చి. మొదట్లో కారు గాలిలా పోయేది. వేసవి ముదిరేసరికి, సరిగ్గా మలుపు దగ్గర, బొమ్మ బిగుసుకుపోవడం మొదలెట్టింది. ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, ఉలిక్కిపడ్డట్టు ముందుకు దూకుతుంది, ఈలోగా నా కారు గోడకి కొట్టుకుంటుంది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట" అని అమ్మ వంటింట్లోంచి. నాకు తిక్క రేగిపోయేది. విజయనగరం నెట్ సెంటర్లో ఒకాయన ర్యామ్ చాలదన్నాడు. ఇంకొకాయన వైరస్ అన్నాడు. అక్కర్లేదనుకున్నవన్నీ తీసేశాను, స్క్రీను మీద వాల్‌పేపర్ తీసేశాను, డిస్కు సర్దే ప్రోగ్రాం పెట్టి రంగురంగుల గళ్లు కదులుతుంటే గంటలకొద్దీ చూశాను. ఒకరోజు నాన్న వచ్చి కేబినెట్ మీద చెయ్యి ఆన్చి, "ఒరే, ఇది కాలిపోతన్నాదిరా. దీని వొంట్లో ఏటో ఉన్నాది" అన్నాడు. "ఇది మీ మిల్లు మగ్గం కాదు నాన్నా, నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. ఆయన చెయ్యి తీసేసి బయటికెళ్లి బీడీ వెలిగించుకున్నాడు. ఆ తర్వాత ఆయన కంప్యూటర్ మీద చెయ్యి వేయడం నేను చూడలేదు.

అది కాలిపోవడానికి కారణం కూడా ఆయనే అన్నది నాకు తర్వాత తెలిసింది. కంప్యూటర్ వచ్చిన మొదటి వారమే నాన్న దానికి గోనె తొడుగు కుట్టాడు. మంచి సన్ననేత పట్టా, ఒక పొర అయితే మిల్లు పీచు దూరిపోతుందని రెండు పొరలు, దబ్బనంతో దగ్గరదగ్గరగా కుట్లు. వెనక వైర్లకి మాత్రం కొలిచి కొలిచి చిల్లులు. ముందు మీటకి చిన్న మూత. మిగతా అంతా మూసేశాడు. గాలి వచ్చిపోవడానికి ఉన్న చిల్లులు ఆయన కంటికి పీచు దూరే దొంగదారుల్లా కనబడ్డాయి. వీధిలో వాళ్లు చూసి మెచ్చుకున్నారు. అమ్మ దాని మీద పసుపూ కుంకుమా పెట్టింది. మిల్లు మనుషులం, మాకెవరికీ తప్పు అనిపించలేదు. నెట్ సెంటర్ వాళ్లకి నేను తొడుగు సంగతి చెప్పనే లేదు, అది కూడా ఒక సంగతని తెలిస్తే కదా.

చివరికి "ఫార్మాట్ కొట్టీ, అన్నీ పోతాయి" అన్నాడు నెట్ సెంటర్ ఆయన. ఆ రోజు అప్ప పిన్నిగారి ఊరు వెళ్లింది, అక్కడ పెళ్లికి పసుపు కొట్టాలి. మర్నాటికి గాని రాదు. నా ఆత్రం నాది. డిస్కు రెండు భాగాలు, సి, డి. తుడిచేది సి మాత్రమే, అప్ప రాసిందంతా డి డ్రైవులో ఉందనుకున్నాను. అడగొచ్చు, ఎదురింట్లో ఫోనుంది. అడిగితే వద్దంటుందని భయం. సీడీ పెట్టి సి డ్రైవు తుడిచేశాను. అప్పకి సి, డి అన్న గొడవ తెలియదు. దాచమన్నప్పుడు కంప్యూటర్ ఏ చోటు చూపిస్తే అక్కడే, మై డాక్యుమెంట్స్‌లోనే, రెండు నెలలూ దాచుకుంది. ఆ చోటు సి డ్రైవులోనే ఉంటుంది.

తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, పసుపు అంటిన చేతులతోనే కూర్చుంది. వెతికింది. మళ్లీ వెతికింది. "ఒరే సూరీ, సామెతలు కనబడడం నేదురా" అంది. మొదట నవ్వుతూనే అంది. నేను గుమ్మంలో నిలబడి, "వైరస్ వచ్చిందప్పా. మళ్లీ అన్నీ ఎక్కించాల్సొచ్చింది" అన్నాను. సగం నిజమేనని నాకు నేను చెప్పుకున్నాను. అప్ప మరోసారి వెతికి, "మొన్న కరెంటు పోయినప్పుడు నాను దాన్ని సరిగ్గా ఆపనేదు. అందుకేనేటి?" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. "అయుంటాదప్పా" అన్నాను. ఫార్మాట్ కొట్టడం పొరపాటు. ఈ మాట మాత్రం పొరపాటు కాదు. నేను తెలిసే అన్నాను.

మళ్లీ కొట్టడానికి కూర్చుంది. పది పేజీలు కొట్టేలోగా ఇరవైసార్లు ఆపి దాచుకునేది, దాచిందో లేదో మళ్లీ చూసుకునేది. గడువు దాటిపోయింది. ప్రెస్సు ఆయన కాగితాలు పట్టుకెళ్లి ఇంకెవరికో ఇచ్చాడు. అమ్మ అప్ప తల నిమిరి, "పోన్లే అమ్మా, అది నీ చేతికి అచ్చిరానేదు, అంతే" అంది. ఓదార్చాలనే అంది. అప్ప ఆ మాటని ప్రసాదంలా కళ్లకద్దుకుంది. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఇంత జరిగీ నా కారు మూడో రోజుకే మళ్లీ మలుపు దగ్గర ఆగింది. ఒక శుక్రవారం అమ్మ తొడుగు ఉతికి తీగ మీద ఆరేసింది. ఆ మధ్యాహ్నం మూడు గంటలు ఆడాను, ఒక్కసారీ ఆగలేదు. తీగ మీద వేలాడుతున్న గోనెపట్టా వైపు చూశాను. దానికి కావలసింది ఊపిరి. నేను తుడిచిపారేసింది అప్ప రెండు నెలల కష్టం. చెబితే నాన్న పని తప్పని చెప్పాలి, నా పని అంతకన్నా తప్పని చెప్పాలి. తొడుగు ఆరాక నేనే మళ్లీ తొడిగాను. ఆడుకునేటప్పుడు వెనక అంచు ఎత్తి దోపుకునేవాణ్ణి, లేచేటప్పుడు దించేసేవాణ్ణి. ఏడాదికి అప్పకి నౌపడ సంబంధం వచ్చింది. ఖాళీగా ఉన్న కంప్యూటర్ మీద నేను పని నేర్చుకున్నాను. ఆ పనే నాకు ఉద్యోగం ఇచ్చింది, ఇల్లు ఇచ్చింది. ఆవిడ కుర్చీలో కూర్చుని నేను బతికాను. నాన్న పోయాక కూడా ఎవరికీ చెప్పలేదు.

నౌపడ చేరేసరికి ఎండ నెత్తి మీదకొచ్చింది. ఉప్పు మళ్ల మీంచి వచ్చే గాలికి పెదాలు చప్పరిస్తే చాలు, ఉప్పగా తగులుతుంది. అప్ప కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "రానన్నావు కదా, ఏటిలాగ వచ్చేసినావు?" అంది. ముఖం నిండా సంతోషం. బావ మజ్జిగ ఇచ్చి, "మీ అప్ప లారీ బాగుసెయ్యకపోతే నాకీ ఇంట్లో తిండి పుట్టేటట్టు నేదురా బావా" అన్నాడు. అప్ప కూర్చుని ఆట పెట్టి చూపించింది. పది నిమిషాలు బాగానే పోయింది. కొండ ఎత్తు మొదలవగానే లారీ బిగుసుకుంది, దూకింది, బిగుసుకుంది. "సూసినావా? నాను ముట్టుకుంటే అంతే" అంది, ఏదో జాతకంలో రాసి ఉన్నట్టు.

వేడి ఎంతుందో చూపించే ప్రోగ్రాం తెరిస్తే అంకె తొంభై దాటి ఉంది. మూత తీశాను. ఫ్యాను రెక్కల మీదా, దాని కింది రేకుల మధ్యా ఉప్పు చెమ్మ పట్టిన దుమ్ము అట్టకట్టింది. పేస్టు ఎండి పెచ్చులూడుతోంది. అంతే. ఇప్పుడయితే ఇలాంటివాటికి ఫోన్లో వీడియోలు వేలకొద్దీ ఉన్నాయి, చదువు రానివాడు కూడా చూసి చేసుకుంటాడు. అప్పట్లో మాకు ఉన్నదల్లా నెట్ సెంటర్ ఆయన మాటా, నాన్న అరచెయ్యీ. ఆ రెంటిలో తప్పుదాన్ని నమ్మాను. కాలం మారిందని, అన్నీ సులువయ్యాయని నేను కాలేజీలో పిల్లలకి చెబుతుంటాను. ఒక్కటి మాత్రం అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే, ఇంకా కాస్త ఎక్కువే. స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"అప్పా, ఇది వేడెక్కి ఆగుతోంది. నీ చేతికీ దీనికీ సంబంధం లేదు. అప్పుడూ లేదు" అన్నాను. ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు. ఆగకుండా చెప్పేశాను, గోనె తొడుగూ, ఫార్మాటూ, పిన్నిగారి ఊరూ, "అయుంటాది" అన్న మాటా. బావ నా ఖాళీ మజ్జిగ గ్లాసు తీసుకుని అక్కడే కూర్చున్నాడు.

అప్ప అరవలేదు. అరిచి ఉంటే బాగుండును. "వైరస్ కాదేటి?" అంది. "కాదప్పా." "కరెంటు పోవడం వల్ల కూడా కాదేటి?" "కాదు. నేనే."

కర్రని గోడకి ఆనించి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నాను ఈ ఇంటికొచ్చిన మొదటేడు మా అత్త ఆవకాయ కలపమంది. నా సెయ్యి మంచిది కాదత్తా అని నానే సెప్పినాను. ఈ పొద్దుకీ మా తోటికోడలే కలుపుతాది. మీ బావ కొట్టు తెరిసినప్పుడు దీపం ఎలిగించమన్నారు. ఎనక్కెళ్లి నిలబడిపోనాను." ఒళ్లో ఉన్న చేతుల వంక చూసుకుంది. "మా పాపకి అక్షరాబ్యాసం సేసినాం కదా. దాని వేలు పట్టుకుని పలక మీద దిద్దించనేదురా నాను. మూడొందల పేజీలు తెలుగు కొట్టినదాన్ని. నా సెయ్యి తగిలితే గుంటకి సదువు రాదేమోనని బయపడి మీ బావ సేత దిద్దించినాను."

నాకు తెలిసిన నేరం ఒక పుస్తకం అంత. అది ఇన్ని గదుల్లోకి వెళ్లిందని నాకు తెలియదు. "తప్పయిపోయిందప్పా" అన్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"ఆ స్క్రూడ్రైవరు ఇలాగియ్యి" అంది.

ఇచ్చాను. కుర్చీ దగ్గరకు లాక్కుని ఫ్యాను స్క్రూలు తనే విప్పింది. బ్రష్షుతో రేకుల మధ్య దుమ్ము గీకింది, గుడ్డతో తుడిచింది. పాత పేస్టు గోరుతో తీస్తుంటే, అలా కాదని చెప్పడానికి చెయ్యి చాపాను. "సెయ్యి తియ్యి" అంది. తీసేశాను. ఎంత రాయాలో నోటితో చెప్పాను, అంతే రాసింది. ఫ్యాను బిగించింది. ఒక స్క్రూ వంకర పోతే విప్పి మళ్లీ బిగించింది. ఇదంతా అయ్యేసరికి రెండు దాటింది. మీట నొక్కింది. లారీ కొండ మొదట్లోంచి బయల్దేరి, మలుపులన్నీ తిరిగి, ఒక్కచోటా ఆగకుండా పైకెక్కింది. తర్వాతి కొండ కూడా ఎక్కించింది. నావైపు తిరగలేదు.

మా అప్ప ఇంటికి నేను ఎప్పుడెళ్లినా, మోకాలి నొప్పితో ఉన్నప్పుడు కూడా, నా పక్కన కూర్చుని తనే వడ్డిస్తుంది. వద్దన్నా వినకుండా రెండోసారి నెయ్యి వేస్తుంది. ఆ రోజు తెర మీంచి కళ్లు తిప్పకుండా, "ఏమండీ, ఆడికి అన్నం పెట్టండి. నాను రాను" అంది.

బావ కంచం పెట్టాడు. ఆయనకి వడ్డించడం రాదు, అన్నం మీద చారూ కూరా ఒకేసారి పోసేశాడు. నేను తల వంచుకుని మొత్తం తిన్నాను.